షుగర్ ఉన్న పిల్లలకు బీపీ ఎందుకు చూస్తారు?

నవంబరు 14 అనగానే మనకు బాలల దినోత్సవం గుర్తొస్తుంది. 1889లో జవహర్‌లాల్ నెహ్రూ పుట్టింది ఆ రోజునే. రెండేళ్ళ తర్వాత, 1891లో, అదే తేదీన కెనడాలో ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టాడు. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఆయన ఒకడు. అందుకే ఆ రోజును ప్రపంచ మధుమేహ దినంగా కూడా జరుపుతారు. పిల్లల పండుగ, షుగర్ వ్యాధి గురించి తెలుసుకునే రోజు ఒకటే కావడం అనుకోకుండా జరిగినదే. అయినా షుగర్ పెద్దవాళ్ళకు మాత్రమే వచ్చే జబ్బు కాదని గుర్తు చేయడానికి ఇది బాగా పనికొస్తుంది.

షుగర్ ఉన్న పిల్లలను ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు రక్తంలో చక్కెర ఎంత ఉందో చూసి ఊరుకోరు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు. మూత్రం పరీక్ష రాస్తారు. "ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా? కిడ్నీ జబ్బు ఉందా?" అని అమ్మానాన్నలను అడుగుతారు. జబ్బు పిల్లలకు వస్తే తాతయ్య గురించి ఎందుకు అడగాలి? చక్కెర జబ్బుకు బీపీతో ఏం పని? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకుందాం. పదో తరగతి జీవశాస్త్రంలో మనం చదివే అనువంశికత పాఠం ఇక్కడ ఎలా పనిచేస్తుందో కూడా చూద్దాం.

షుగర్ ఎన్ని రకాలు?

మనం తిన్న అన్నం, రొట్టె, మరమరాలు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తాయి. ఆ గ్లూకోజు కండరాల కణాల్లోకి వెళ్ళాలంటే ఇన్సులిన్ అనే హార్మోను కావాలి. దాన్ని క్లోమంలోని బీటా కణాలు తయారు చేస్తాయి.

పిల్లల్లో ఎక్కువగా కనిపించేది టైప్ 1 మధుమేహం. ఇందులో మనల్ని క్రిములనుంచి కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటుపడి బీటా కణాలను నాశనం చేస్తుంది. ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోతుంది. అందుకే వీళ్ళు రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. మిఠాయిలు ఎక్కువ తిన్నందువల్ల ఈ జబ్బు రాదు. ఇది అంటువ్యాధీ కాదు.

టైప్ 2లో ఇన్సులిన్ తయారవుతుంది కానీ శరీరం దాన్ని సరిగా వాడుకోలేదు. ఒకప్పుడు ఇది పెద్దవాళ్ళ జబ్బు. ఇప్పుడు బరువు ఎక్కువై, ఆటలు తగ్గిన పిల్లల్లోనూ కనిపిస్తోంది. ఈ రకం ఉన్న పిల్లల్లో కొందరికి జబ్బు బయటపడే రోజుకే బీపీ ఎక్కువగా ఉంటుంది.

ఇన్సులిన్ రాకముందు టైప్ 1 వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. 1922 జనవరి 11న కెనడాలోని టొరంటో నగరంలో లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. ఆ మందు శుద్ధంగా లేనందున మొదటి ప్రయత్నం ఫలించలేదు. దాన్ని శుద్ధి చేసి జనవరి 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి రక్తంలో చక్కెర తగ్గింది, అబ్బాయి కోలుకున్నాడు. 1923లో బాంటింగ్‌కు, మెక్లియోడ్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పటినుంచీ ఈ పిల్లలు పెరిగి పెద్దవాళ్ళవుతున్నారు, చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. బతుకు పొడుగైంది కాబట్టే మరో ప్రశ్న ముందుకొచ్చింది. ఇరవై, ముప్ఫై ఏళ్ళు చక్కెరతో గడిపిన శరీరంలో కళ్ళు, మూత్రపిండాలు, గుండె ఎలా ఉంటాయి? బీపీ కథ ఇక్కడే మొదలవుతుంది.

జన్యువులు ఏం చేస్తాయి?

మన ప్రతి కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి అమ్మనుంచి, మరొకటి నాన్ననుంచి వస్తుంది. ఆరో క్రోమోజోము మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంది. 'ఇది మన కణం, అది పరాయి కణం' అని రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టడానికి ఈ జన్యువులే సాయపడతాయి. వీటిలో కొన్ని రూపాలు ఉన్నవారికి టైప్ 1 వచ్చే అవకాశం ఎక్కువ. పదకొండో క్రోమోజోము మీదున్న ఇన్సులిన్ జన్యువుతో పాటు ఇంకా అనేక జన్యువులు కొద్ది కొద్దిగా చేయి వేస్తాయి.

అయితే అవకాశం వేరు, జరిగి తీరడం వేరు. ఐరోపా, అమెరికా లెక్కల ప్రకారం మామూలు జనంలో వెయ్యిమందిలో దాదాపు నలుగురికి టైప్ 1 వస్తుంది. అన్నకో చెల్లికో ఈ జబ్బు ఉంటే ఆ సంఖ్య వెయ్యికి సుమారు అరవై అవుతుంది. అంటే మిగిలిన తొమ్మిది వందల నలభై మందికి రాదు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. అయినా ఒకరికి టైప్ 1 వస్తే రెండోవారికి తప్పకుండా వస్తుందని చెప్పలేం. ఇంకోవైపు, ఈ జబ్బు కొత్తగా వచ్చిన పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిదిమందికి అమ్మానాన్నల్లో గాని తోబుట్టువుల్లో గాని ఎవరికీ ఇది ఉండదు.

ఈ లెక్కలన్నీ తెల్లవాళ్ళవే కదా, మనకు సరిపోతాయా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. హైదరాబాదులోని సీసీఎంబీ, పుణేలోని కేఈఎం ఆసుపత్రి, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి దీన్ని పరిశీలించారు. ఒక మనిషిలో టైప్ 1కు దోహదం చేసే జన్యు రూపాలు ఎన్ని ఉన్నాయో కలిపి చూసి ఒక మార్కు వేసే పద్ధతి ఐరోపాలో ఉంది. ఆ మార్కు భారతీయుల్లో కూడా టైప్ 1ను టైప్ 2 నుంచి వేరు చేయడానికి పనికొస్తుందని 2020లో వాళ్ళు ప్రకటించారు. ఐరోపావాళ్ళకూ మనకూ కొన్ని జన్యు తేడాలు ఉన్నాయనీ, మనవాళ్ళ వివరాలు చేరిస్తే ఆ మార్కు ఇంకా మెరుగవుతుందనీ కూడా చెప్పారు. ఏ రకమో సరిగ్గా తెలిస్తేనే సరైన మందు అందుతుంది.

ఒకే ఒక జన్యువు తేడావల్ల వచ్చే షుగర్ రకాలూ కొన్ని ఉన్నాయి, అవి అరుదు. పుట్టిన ఆరు నెలల్లోపే షుగర్ కనిపిస్తే డాక్టర్లు జన్యు పరీక్ష చేయిస్తారు. అలాంటి పాపల్లో కొందరికి ఇన్సులిన్ సూదులు మాని మాత్రలతోనే చికిత్స చేయవచ్చని తేలింది.

మన తెలుగు ఇళ్ళలో మేనరికాల మాట తరచుగా వినిపిస్తుంది. దగ్గరి బంధువులు పెళ్ళి చేసుకుంటే, ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డకు రెండు వైపులనుంచీ చేరే అవకాశం పెరుగుతుంది. పసిపాపల్లో వచ్చే షుగర్‌లో కొన్ని అరుదైన రకాలు అలా వస్తాయి. మామూలు టైప్ 1 అలాంటి ఒక్క జన్యువు జబ్బు కాదు. కాబట్టి బిడ్డకు షుగర్ వచ్చిందని అమ్మ వైపువాళ్ళనో నాన్న వైపువాళ్ళనో నిందించడం సరికాదు.

రక్తపోటు, మూత్రపిండం

గుండె రక్తాన్ని తోసినప్పుడు ధమనుల గోడల మీద పడే ఒత్తిడే రక్తపోటు. దాన్ని రెండు అంకెల్లో రాస్తారు. 110/70 అంటే గుండె ముడుచుకున్నప్పుడు 110, సడలినప్పుడు 70 మిల్లీమీటర్ల పాదరసం అని అర్థం.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల సన్నటి వడపోత గొట్టాలు ఉంటాయి. వాటిని నెఫ్రాన్లు అంటారు. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో చాలా భాగం తిరిగి రక్తంలోకే వెళ్ళి, ఒకటిన్నర రెండు లీటర్లు మూత్రంగా బయటకు పోతుంది. రక్తంలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఈ వడపోత గుచ్ఛాల్లో ఒత్తిడి పెరుగుతుంది. వాటి గోడలు మెల్లగా దెబ్బతింటాయి. అప్పుడు రక్తంలోనే ఉండిపోవలసిన ఆల్బుమిన్ అనే ప్రోటీను కొద్ది కొద్దిగా మూత్రంలోకి కారుతుంది. నొప్పి ఉండదు, రంగు మారదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

దెబ్బతిన్న మూత్రపిండం బీపీని పెంచుతుంది. పెరిగిన బీపీ మూత్రపిండాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. ఈ చక్రం తిరగడం మొదలైతే ఆపడం కష్టం. మొదలవకముందే, లేదా తొలి దశలోనే పట్టుకోవాలి. అందుకే బీపీ పట్టీ, మూత్రం పరీక్ష.

శరీరంలో బీపీని సర్దే ఒక గొలుసు ఉంది. బీపీ పడిపోయిందని తోచినప్పుడు మూత్రపిండం రెనిన్‌ను విడుదల చేస్తుంది. కాలేయంనుంచి వచ్చిన ఒక ప్రోటీనును రెనిన్ కత్తిరిస్తే యాంజియోటెన్సిన్ 1 తయారవుతుంది. ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండే ఏసీఈ అనే ఎంజైము దాన్ని యాంజియోటెన్సిన్ 2గా మారుస్తుంది. ఇది రక్తనాళాలను బిగిస్తుంది, శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి ఉంచుతుంది. దాంతో బీపీ పెరుగుతుంది. ఒంట్లో రక్తం తగ్గినప్పుడు ఈ గొలుసు ప్రాణం కాపాడుతుంది. అవసరం లేనప్పుడు కూడా గట్టిగా పనిచేస్తే మూత్రపిండానికి చేటు.

బీపీలో వంశం పాలు ఎంత?

మనుషుల మధ్య బీపీలో కనిపించే తేడాల్లో మూడోవంతునుంచి సగం దాకా జన్యువుల వల్లనే అని శాస్త్రవేత్తల అంచనా. బీపీ మీద ప్రభావం చూపే చోట్లు మన జన్యువుల్లో వెయ్యికి పైగా దొరికాయి. ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది.

పాఠంలో చదివిన మెండెల్ బఠానీలను గుర్తుచేసే ఉదాహరణ ఒకటి ఉంది. పైన చెప్పిన ఏసీఈ ఎంజైమును తయారుచేసే జన్యువు పదిహేడో క్రోమోజోము మీద ఉంటుంది. దానికి రెండు రూపాలు. ఒకదానిలో 287 అక్షరాల ముక్క ఒకటి అదనంగా ఉంటుంది, దాన్ని 'ఐ' అంటారు. రెండోదానిలో ఆ ముక్క ఉండదు, దాన్ని 'డి' అంటారు. అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ ఐ ఒకటి, డి ఒకటి ఉన్నాయనుకోండి. పుట్టే బిడ్డకు రెండూ ఐలు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, చెరొకటి వచ్చే అవకాశం నాలుగింట రెండు, రెండూ డిలు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మెండెల్ చెప్పిన 1:2:1 ఇదే.

రెండు డిలు ఉన్నవాళ్ళ రక్తంలో ఏసీఈ మోతాదు ఎక్కువగా ఉంటుందని 1990లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు చూపించారు. దాంతో షుగర్ ఉన్నవాళ్ళలో బీపీకి, మూత్రపిండాల జబ్బుకు ఇదే కారణమా అని చాలా దేశాల్లో వెతికారు. కొన్ని అధ్యయనాల్లో సంబంధం కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. కాబట్టి ఈ ఒక్క జన్యువును చూసి ఏ బిడ్డకు ఏమవుతుందో చెప్పే పరీక్ష ఆసుపత్రుల్లో వాడుకలో లేదు.

అలాంటప్పుడు వంశం గురించి ఎలా తెలుసుకోవాలి? ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. అది పెద్దవాళ్ళను అడగడం. 1987లో లండన్ వైద్యులు, టైప్ 1తో పాటు మూత్రపిండాల జబ్బు కూడా వచ్చినవాళ్ళ తల్లిదండ్రులను పరీక్షించారు. మూత్రపిండాలు బాగున్న షుగర్ రోగుల తల్లిదండ్రుల కంటే వీళ్ళ బీపీ ఎక్కువగా ఉంది. 1988లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులూ ఇలాంటి ఫలితమే ప్రకటించారు. తల్లికో తండ్రికో బీపీ ఉంటే టైప్ 1 ఉన్న బిడ్డకు మూత్రపిండాల జబ్బు వచ్చే అవకాశం మూడింతలుగా కనిపించింది. వాళ్ళు చెప్పిన రెండో సంగతి మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. జబ్బు వచ్చిన మొదటి పదేళ్ళలో చక్కెర అదుపులో లేనివాళ్ళలోనే ఆ ప్రమాదం ప్రధానంగా కనిపించింది.

అంటే వంశం నుంచి వచ్చినది నిప్పురవ్వ లాంటిది. అదుపు లేని చక్కెర ఎండుగడ్డి లాంటిది. రవ్వను మనం ఎన్నుకోలేదు, గడ్డిని దూరంగా ఉంచడం మాత్రం మన చేతిలో ఉంది.

రాత్రి చెప్పే గుట్టు

ఆరోగ్యంగా ఉన్నవారికి నిద్రలో బీపీ పగటికంటే పది శాతమో అంతకంటే ఎక్కువో తగ్గుతుంది. 24 గంటలూ చేతికే ఉండి, మధ్య మధ్యలో దానంతట అదే బీపీ కొలిచే యంత్రాలు ఉన్నాయి. వాటితో స్పెయిన్ వైద్యులు టైప్ 1 ఉన్న 75 మంది కౌమార వయసువారిని, యువకులను కొన్నేళ్ళపాటు గమనించారు. 2002లో ఫలితాలు ప్రకటించారు. తర్వాతి కాలంలో మూత్రంలో ఆల్బుమిన్ కనిపించినవాళ్ళకు, అది కనిపించకముందే నిద్రలోని బీపీ పెరిగింది. పగటి బీపీ మామూలుగా ఉన్నా రాత్రి బీపీ ముందే హెచ్చరించింది. రాత్రి బీపీ మామూలుగా తగ్గేవాళ్ళకు ఆ ప్రమాదం చాలా తక్కువగా ఉంది. అనుమానం ఉన్న పిల్లలకు డాక్టర్లు ఈ యంత్రం పెట్టించడానికి కారణం ఇదే.

మార్చగలిగినవి

అమెరికా, కెనడాల్లో 1,441 మందితో జరిగిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం 1993లో ముగిసింది. అందులో 13 ఏళ్ళ పిల్లలనుంచి 39 ఏళ్ళ పెద్దలదాకా ఉన్నారు. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచినవాళ్ళలో మూత్రంలోకి ఆల్బుమిన్ కారడం మొదలయ్యే ప్రమాదం 39 శాతం తగ్గింది. వాళ్ళనే ఆ తర్వాత కూడా గమనిస్తూ వచ్చారు. మొదట్లో అదుపు బాగున్న గుంపులో బీపీ జబ్బు వచ్చే ప్రమాదం కూడా 24 శాతం తక్కువగా ఉందని 2008లో తేలింది. చిన్నప్పుడు పడిన శ్రమ పెద్దయ్యాక కూడా కాపాడుతుందన్నమాట.

మందులూ ఉన్నాయి. బ్రెజిల్‌లోని జరారాకా అనే రక్తపింజరి జాతి పాము విషం మీద జరిగిన పరిశోధన, ఏసీఈ ఎంజైమును అడ్డుకునే మాత్రకు దారి చూపింది. కాప్టోప్రిల్ అనే ఆ మందు 1981లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. టైప్ 1తో మూత్రపిండాలు దెబ్బతిన్న పెద్దవాళ్ళలో డయాలిసిస్, మూత్రపిండ మార్పిడి, మరణం కలిపి లెక్కిస్తే ఆ ప్రమాదాన్ని అది సగానికి తగ్గించిందని 1993లో రుజువైంది.

మరి అందరు పిల్లలకూ ముందే ఈ మాత్రలు ఇచ్చేస్తే సరిపోదా? అదీ పరీక్షించారు. ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియాల్లో టైప్ 1 ఉండి, ప్రమాదం ఎక్కువని తోచిన 10నుంచి 16 ఏళ్ళ పిల్లలు 443 మందికి ఇలాంటి మందులో, ఉత్తుత్తి మాత్రలో ఇచ్చి చూశారు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం, ముఖ్యంగా చూడాలనుకున్న మూత్రం ఆల్బుమిన్ కొలతలో తేడా తేలలేదు. కాబట్టి మాత్ర ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలన్నది డాక్టరు గారు చెప్పవలసిన మాట. పక్కింటి పెద్దాయన వాడే బీపీ మాత్ర పిల్లలకు వేయకూడదు.

పిల్లల బీపీ ఎలా చూడాలి?

పెద్దవాళ్ళ అంకెలు చిన్న పిల్లలకు సరిపోవు. 13 ఏళ్ళలోపు పిల్లలకు వయసు, ఎత్తు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది చూసి పట్టికతో పోలుస్తారు. ఒకే వయసు, ఒకే ఎత్తు ఉన్న నూరుమంది పిల్లలను బీపీ తక్కువనుంచి ఎక్కువకు ప్రార్థనలో నిలబెట్టినట్టు వరుసలో నిలబెట్టామనుకోండి. 90వ స్థానం దాటితే జాగ్రత్తపడాలి. 95వ స్థానం దగ్గరగాని, దాని పైనగాని మూడు వేర్వేరు రోజుల్లో కనిపిస్తే బీపీ ఎక్కువని తేలుస్తారు. 13 ఏళ్ళు నిండినవాళ్ళకు లెక్క తేలిక. 120/80 కంటే తక్కువ ఉంటే మంచిది. 130/80 గాని అంతకంటే ఎక్కువ గాని పదే పదే వస్తే ఎక్కువని అర్థం.

కొలిచే పద్ధతి సరిగా లేకపోతే అంకె అబద్ధం చెబుతుంది. కొలిచేముందు మూడునుంచి ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి. వీపు ఆనించాలి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి. మాట్లాడకూడదు. సాధారణంగా కుడి చేతికి చూస్తారు. పట్టీ చేతికి తగిన సైజుది కావాలి. లోపలి గాలి సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో కనీసం 40 శాతం, పొడవు 80నుంచి 100 శాతం ఉండాలి. చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. లావు పట్టీ తక్కువ చూపిస్తుంది. పరుగెత్తుకుంటూ వచ్చి చేయి చాపితే లెక్క తప్పుతుంది.

షుగర్ ఉన్న పిల్లలకు ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ బీపీ చూడాలి. టైప్ 1 వచ్చి ఐదేళ్ళయి, పదేళ్ళ వయసు నిండితే ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించాలి. టైప్ 2 అయితే జబ్బు తెలిసిన రోజునుంచే చేయించాలి.

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు

ఇక మన సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపునుంచి పనికోసం వచ్చిన తెలుగువాళ్ళు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. 1951లో హిజ్లీలో ఐఐటీ మొదలయ్యాక ఆ ప్రాంగణం పక్కనే ఉన్న ప్రేమ్ బజార్ చుట్టుపక్కల దేశం నలుమూలల కుటుంబాలూ చేరాయి. ఇక్కడ ఉండే మేము ఇవాళ బెంగాలీలో కూరలు బేరమాడతాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బళ్ళో హిందీ, ఇంగ్లీషు చదువుతాం. మాలో చాలామందికి మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఊరు మారుతుంది.

ఈ జీవితంలో రెండు విషయాలు జారిపోతుంటాయి. మొదటిది వంశం కబురు. తాతయ్య, మామ్మ, అమ్మమ్మ సొంతూళ్ళో ఉంటారు. సెలవుల్లో వెళ్ళినప్పుడు పండుగ కబుర్లే గాని జబ్బుల సంగతి పిల్లలకు చెప్పరు. రెండోది ఆసుపత్రి కాగితాలు. ఒక ఊళ్ళో రైల్వే ఆసుపత్రి, ఇంకో ఊళ్ళో మరో ఆసుపత్రి. కొత్త డాక్టరు గారికి ఈ రోజు బీపీ మాత్రమే కనిపిస్తుంది. రెండేళ్ళక్రితం 104 ఉన్నది, ఏడాదిక్రితం 110 అయింది, ఇప్పుడు 117 అయిందన్న వరుస కనిపించదు. వయసు, ఎత్తు పెరిగేకొద్దీ బీపీ కొంత పెరగడం మామూలే. మామూలుకంటే వేగంగా పెరుగుతోందా అన్నది చెప్పాలంటే ఆ వరుసే కావాలి.

బడి మారితే టి.సి. వెంట తీసుకెళ్తాం కదా. షుగర్ ఉన్న పిల్లల ఆరోగ్యానికీ అలాంటి ఫైలు ఒకటి వెంట ఉండాలి. అందులో జబ్బు బయటపడిన తేదీ, రకం, ఇన్సులిన్ పేరు, మోతాదు, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ అంకెలు, తేదీలతో సహా ఎత్తు, బరువు, బీపీ, మూత్రం పరీక్ష, కంటి పరీక్ష ఫలితాలు ఉండాలి. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా నంబరుతో కూడా ఆరోగ్య వివరాలను భద్రపరచుకోవచ్చు. అయినా కాగితాల నకలు ఒకటి దగ్గర ఉంచుకోవడం మేలు.

సామాను లారీలో వేసేటప్పుడు ఇన్సులిన్‌ను అందులో పెట్టకూడదు. ఎండకు వేడెక్కినా, గడ్డకట్టినా అది పాడవుతుంది. రైల్లో చేతి సంచిలోనే ఉంచాలి. చల్లటి పెట్టెలో పెట్టినా మంచుగడ్డకు నేరుగా తగలనివ్వకూడదు.

తిండి, ఆట, స్నేహం

ఉప్పు బీపీని పెంచుతుంది. పెద్దవాళ్ళకు రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాకు మించకుండా ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు ఇంకా తక్కువ చాలు. ఇక్కడ మనకు రెండు రాష్ట్రాల ఉప్పూ తోడవుతుంది. ఇంట్లో ఆవకాయ, అప్పడం, వడియం, ఎండుచేప. వీధిలో చనాచూర్, పుచ్కా నీళ్ళు, ఉప్పు కలిపిన మరమరాలు. అన్నీ మానేయమని కాదు. ఒకే పూట అన్నీ కలవకుండా చూసుకుంటే చాలు.

5నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజూ కనీసం గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆడాలి. షుగర్ ఉన్న పిల్లలూ ఆడవచ్చు. ఆటకు ముందు చక్కెర చూసుకోవాలి, గ్లూకోజు దగ్గర పెట్టుకోవాలి. ఆటలో మన స్నేహితుడికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే చక్కెర పడిపోయిందేమోనని అనుమానించాలి. మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే గ్లూకోజుగాని, పంచదార నీళ్ళుగాని ఇచ్చి టీచరుగారిని పిలవాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కొత్త బడిలో చేరిన మొదటి రోజే క్లాసు టీచరుకు, పక్కన కూర్చునే మిత్రుడికి ఈ సంగతి చెప్పి ఉంచితే భయం ఉండదు.

చేసి చూడండి

1. ఒక పెద్ద కాగితం మీద మూడు తరాల కుటుంబ వృక్షం గీయండి. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం వేయండి. అమ్మ వైపు, నాన్న వైపు రెండూ ఉండాలి.

2. సొంతూరికి ఫోను చేసినప్పుడు అడగండి: "తాతయ్యా, మీకు బీపీ ఎన్నో ఏట వచ్చింది?" "అమ్మమ్మా, నీకుగాని, మామయ్యకుగాని షుగర్ ఉందా? మన ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు వచ్చిందా?" వచ్చిన జవాబును, ఆ వయసును వృక్షంలో రాయండి.

3. ఐ, డి రూపాల్లో అమ్మకు ఒక ఐ, ఒక డి, నాన్నకు రెండూ డిలు ఉంటే బిడ్డలకు ఏ జతలు ఏ నిష్పత్తిలో వస్తాయో గళ్ళు గీసి కనుక్కోండి.

4. తల్లికి బీపీ ఉంది. టైప్ 1 ఉన్న బిడ్డ చక్కెర మొదటినుంచీ అదుపులో ఉంది. ఈ బిడ్డకు మూత్రపిండాల జబ్బు వచ్చి తీరుతుందా? 1988నాటి బోస్టన్ ఫలితం ఆధారంగా నాలుగు వాక్యాల్లో రాయండి.

5. పూర్తయిన కుటుంబ వృక్షాన్ని ఇంట్లో ఆరోగ్య కాగితాల ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి. తర్వాతి బదిలీలో అది మీతో పాటే రావాలి.